జీవితకాల న్యాయమూర్తికి టీసీ

అమెరికా ప్రభుత్వం గురించి మాట్లాడేవాళ్లకి మన దగ్గర కొదవ లేదు. టీ కొట్టు దగ్గర మాట్లాడతారు, టీవీ ముందు మాట్లాడతారు, ఆ దేశం మ్యాపులో ఏ మూలుందో తెలియనివాళ్లయితే మరీ గట్టిగా మాట్లాడతారు. నా సంగతి వేరు. నేను ఆ ప్రభుత్వంలో పనిచేశాను. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేశాను. మా కోర్టు బొబ్బిలి రోడ్డులో, ఆడపిల్లల డిగ్రీ కాలేజీ హాస్టల్లో, వంటగది పక్కన బియ్యం బస్తాలు పెట్టే గదిలో ఉండేది. కాలేజీ పేరు చెప్పను. చెబితే మా ప్రిన్సిపాల్ గారు దీన్ని కూడా బ్రోచర్లో వేసుకుంటారు.

నా పేరు గొర్లె హైమవతి. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. నాకు చిన్నప్పటి నుంచి టీచరు అవ్వాలని పిచ్చి. అమెరికాతో నాకు గానీ మా ఇంట్లో వాళ్లకి గానీ ఏ తగాదా లేదు. తగాదా అంతా మా కాలేజీకి మంచి గ్రేడు రాకపోవడం దగ్గర మొదలైంది.

కాలేజీలకి గ్రేడులిచ్చే కమిటీ ఒకటుంటుంది. వాళ్ల ఫారంలో 'మీ సంస్థ పాటిస్తున్న వినూత్న విధానం' అని ఒక గడి ఉంటుంది. మావాళ్లు రెండుసార్లు ఆ గడిలో 'క్రమశిక్షణ' అని రాశారు. రెండుసార్లూ సి గ్రేడే వచ్చింది. మా ఎదురు కాలేజీ వాళ్లు 'ప్రతి విద్యార్థినికీ ఒక మొక్క' అని రాసి 'ఏ' గ్రేడు కొట్టేశారు. ఆ మొక్కల్ని మేకలు మేసేశాయి, గ్రేడు మాత్రం మిగిలింది. ఆ కడుపుమంటతో మా ప్రిన్సిపాల్ సోమయాజులు గారు ఇంటర్నెట్‌లో అమెరికా ప్రభుత్వం మీద కోర్సు చేశారు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి సరస్వతీదేవి పటం పక్కన తగిలించారు. మర్నాడు ప్రార్థనలో మైకు పుచ్చుకున్నారు.

"విద్యార్థినులారా! ప్రజాస్వామ్యం చదివితే వచ్చేది కాదు, అనుభవించాలి! నేటి నుంచి మన హాస్టలు అమెరికా రాజ్యాంగం ప్రకారం నడుస్తుంది. అధికారాల విభజన! పరస్పర నియంత్రణ! సమతౌల్యం!"

వంట పోలమ్మ వరండాలోంచి చెయ్యెత్తింది. "మరి రేపు పొద్దున్న ఉప్మాయేనా బాబూ?"

"అది చట్టసభ నిర్ణయిస్తుందమ్మా," అన్నారాయన కళ్లు మూసుకుని.

ఒక్కో గది ఒక్కో రాష్ట్రం అయింది. రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు. పెద్ద హాల్లో, అంటే డార్మిటరీలో, ముప్పై మంది పిల్లలు చాపలేసుకుని పడుకుంటారు. వాళ్లకీ ఇద్దరే. ఆరో గదిలో ఒక్కతే ఉంటుంది, నిహారిక. కరస్పాండెంటు గారి తమ్ముడి కూతురు. ఆ గదికీ ఇద్దరు.

"అక్కడున్నది ఒక్క మనిషే కదండీ," అని వార్డెన్ మార్తమ్మ మేడం అడిగింది.

"మనిషి ఒక్కరే కావడం ఆ రాష్ట్రం లోపం. దానికి రాజ్యాంగాన్ని తప్పుపట్టకండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అంచేత నిహారికకి రెండు కుర్చీలు వేశారు. ఎడమ కుర్చీలో కూర్చుని ప్రశ్న వేసేది, కుడి కుర్చీలోకి మారి దాన్ని ఖండించేది. ఇడ్లీయా ఉప్మాయా అన్న బిల్లు వచ్చినప్పుడు తనతో తనకే రాజీ కుదరక రెండు ఓట్లూ చెరోవైపు వేసింది. సభ సరిసమానంగా చీలిపోయింది. బిల్లు ఆగింది. బిల్లు ఆగితే బడ్జెట్టు లేదు, బడ్జెట్టు లేకపోతే వంటగదికి తాళం. అత్యవసర సేవల కింద టీ ఒక్కటే ఇచ్చారు. పిల్లలు బిస్కెట్లు నముల్తూ నీరసంగా మెట్ల మీద కూర్చుంటే ప్రిన్సిపాల్ గారు ఎంత సంబరపడ్డారో! 'ప్రభుత్వ స్తంభన - ప్రత్యక్ష అనుభవం' అని బ్యానరు కట్టించి దాని కింద మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీయించారు. నవ్వొద్దని మరీ మరీ చెప్పారు. మాకు నవ్వే ఓపిక ఎక్కడేడిసింది?

ప్రెసిడెంటు ఎన్నికల్లో ఎక్కువ ఓట్లొచ్చిన డార్మిటరీ పిల్ల ఓడిపోయి, తక్కువ ఓట్లొచ్చినా ఎక్కువ గదులు దక్కిన ఝాన్సీ గెలిచింది. లెక్క తప్పారంటూ డార్మిటరీ అంతా కంచాలు వాయించింది. ప్రిన్సిపాల్ గారి మొహం వెలిగిపోయింది. "భేష్! అచ్చం అక్కడిలాగే వచ్చింది!"

ఇక నా సంగతి. బకెట్ల తగాదాలు, బట్టల తాడు తగాదాలు నేను బాగా తీరుస్తానని పేరుంది. అందుకని ఝాన్సీ నన్ను న్యాయమూర్తిగా ప్రతిపాదించింది. సెనేటు ముందు విచారణ జరిగింది. నా చదువు గురించి ఒక్కరూ అడగలేదు.

"ఏడో తరగతిలో మీరు పక్కింటి పెరట్లో జామకాయ కోశారా, లేదా?" అని నిహారిక ఎడమ కుర్చీలోంచి గర్జించింది.

"కోశాను."

"దాని మీద మీకిప్పుడు పశ్చాత్తాపం ఉందా?"

"వగరుగా ఉంది. అప్పుడే పశ్చాత్తాపపడ్డాను."

సభ సంతృప్తి చెందింది. నల్ల చున్నీ కప్పి నాచేత ప్రమాణం చేయించారు. 'జీవితకాలం ఈ పదవిలో కొనసాగుతాను' అన్న మాట చదివేటప్పుడు నేను కిసుక్కున నవ్వాను కూడా. ఆ మాట నా కొంప ముంచుతుందని నాకప్పుడు తెలీదు.

కోర్టు నిజాయితీగానే నడిపాను. మామిడికాయ కోసుకునే కత్తిని వార్డెన్ లాక్కుందని ఒక పిల్ల కేసు వేసింది. ఆయుధాలు ఉంచుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది కాబట్టి కత్తి తిరిగి ఇచ్చెయ్యమన్నాను. వారంలో ప్రతి మంచం కిందా ఒక కత్తిపీట వెలిసింది. మార్తమ్మ మేడం రాత్రి హాజరు కిటికీలోంచి వేసుకోవడం మొదలెట్టింది. తర్వాత డార్మిటరీ వాళ్లు కేసు వేశారు, ఒక్క మనిషికి రెండు కుర్చీలేమిటని. పాపం వాళ్ల మాటే న్యాయం. కానీ రాజ్యాంగం నిహారిక పక్షాన ఉంది. గుండె రాయి చేసుకుని ఆమె పక్షానే తీర్పు ఇచ్చాను. నిహారిక పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "నువ్వు ఉన్నంతకాలం నా కుర్చీలకి ఢోకా లేదు అక్కా!" అంది. డార్మిటరీ వాళ్లు నాతో మాట్లాడటం మానేశారు.

డిగ్రీ అయిపోయింది. ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇంటికెళ్లి ఎంట్రన్సు రాస్తే విశాఖపట్నంలో ప్రభుత్వ బి.ఎడ్. కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా టీసీతో రిపోర్టు చెయ్యాలి, లేకపోతే సీటు వెనకున్నవాళ్లకి పోతుంది. నా వెనక జనం చాలామందే ఉన్నారు. మళ్లీ ఎంట్రన్సు రాస్తే ర్యాంకు వస్తుందన్న నమ్మకం నాకు లేదు. మంగళవారం పొద్దున్నే కాలేజీ ఆఫీసుకి వచ్చి సూపరింటెండెంటు అప్పలనర్సయ్య గారి టేబులు ముందు నిలబడ్డాను.

ఆయన నా దరఖాస్తు చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. "నీకు టీసీ ఏటమ్మా? నువ్వు జీవితకాలం కదేటి?"

"అది ఆటకండీ."

"ఆటకేటి? ఆఫీసు ఆర్డరుంది, నంబరుంది, ప్రిన్సిపాల్ గారి సంతకముంది. జీవితకాలం అంటే జీవితకాలమే. సర్వీసు మధ్యలో టీసీ ఇస్తే రేపు ఆడిట్లో నన్ను పట్టుకుంటారు. నాకు రిటైర్మెంటు దగ్గరకొచ్చింది తల్లీ, నన్ను వదిలెయ్యి."

"మరి ఝాన్సీకి ఇచ్చారు కదండీ?"

"ఆవిడ ప్రెసిడెంటు. ప్రెసిడెంటుకి కాలపరిమితి ఉంది. నీకు లేదు. రూలు పొజిషను అలాగుంది."

ప్రిన్సిపాల్ గారి గదికి పరిగెత్తాను. ఆయన నన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టి, బిస్కెట్టు పెట్టి, కంప్యూటరు నా వైపు తిప్పారు. తెర మీద నల్ల చున్నీతో నా ఫొటో ఉంది. కింద 'జీవితకాల న్యాయమూర్తి, నిరంతరాయంగా విధి నిర్వహణలో' అని ఉంది.

"సోమవారం కమిటీ వస్తోందమ్మాయ్. రిపోర్టు పైకి పంపేశాం. ఒకసారి పంపాక ఎడిట్ చేసే ఆప్షను లేదు. వాళ్లొచ్చి న్యాయమూర్తి ఏదీ అంటే నేనేం చూపించాలి?"

"రాజీనామా చేస్తానండీ."

"తప్పకుండా చెయ్యి! నీ రాజ్యాంగబద్ధమైన హక్కు. ప్రెసిడెంటుకి సమర్పించు."

"ప్రెసిడెంటు పెళ్లి చేసుకుని పలాస వెళ్లిపోయింది కదండీ!"

"కొత్త ప్రెసిడెంటు జనవరి ఇరవైన ప్రమాణం చేస్తుంది. ముందు చేస్తే అమెరికా సంప్రదాయానికి విరుద్ధం." ఆయన నిట్టూర్చారు. "ప్రజాస్వామ్యంలో ఓర్పు చాలా అవసరమమ్మాయ్."

 బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. బుధవారం డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. తిన్నగా ఆఫీసులోకి వెళ్లి అప్పలనర్సయ్య గారి టేబులు మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఏటి బాబూ, మా పిల్లకి టీసీ ఇవ్వడానికి అమెరికా ఏటి అడ్డం? మేవెప్పుడైనా ఆళ్ల జోలికెల్లామా?"

"మీ అమ్మాయి పెద్ద పదవిలో ఉందయ్యా. తండ్రిగా గర్వపడాలి."

"నానూ ముప్పైయేళ్లు స్టీరింగు పట్టుకున్నాను. రిటైరయిన నాడు దిగిపొమ్మంటారు గానీ, సీటుకి కట్టీసి ఉంచరు కదేటి!"

 ఇలాంటప్పుడు ఆఫీసు మనిషి ఏం చేస్తాడో అప్పలనర్సయ్య గారూ అదే చేశారు, టీకి వెళ్లిపోయారు. నాన్న నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. "ఓలమ్మీ, నువ్వు జడ్జీవి కదే. తీర్పు నువ్వే రాసుకోలేవా?" అన్నాడు.

నేను గబుక్కున నిటారుగా కూర్చున్నాను. ఎవరి కేసు వాళ్లు విచారించుకోవడం తప్పే. కానీ ప్రిన్సిపాల్ గారి కోర్సు నోట్సులో ఒక సంగతి ఉంది. ఆ దేశంలో పెద్ద జడ్జీ ఒక కేసు నుంచి తప్పుకోవాలా వద్దా అన్నది చాలావరకు ఆ జడ్జీయే తేల్చుకుంటాడట. చదివినప్పుడు ఇదేం చోద్యం అనుకున్నాను. ఇప్పుడా చోద్యమే నాకు దిక్కయింది.

ఆ మధ్యాహ్నమే బియ్యం బస్తాల గదిలో కోర్టు పెట్టాను. పిటిషనరు గొర్లె హైమవతి. న్యాయమూర్తి గొర్లె హైమవతి. 'మీరు ఈ కేసు నుంచి తప్పుకుంటారా?' అని నన్ను నేను అడిగాను. 'తప్పుకోను' అన్నాను. కిందికి దిగి వాదించాను, పైకెక్కి విన్నాను. నిహారిక రెండు కుర్చీల బాధ నాకప్పుడు తెలిసింది. పిటిషనరుకి వెంటనే టీసీ ఇవ్వాలని తీర్పు చెప్పాను. నాన్న, పోలమ్మ చప్పట్లు కొట్టారు.

తీర్పు కాగితం పట్టుకెళితే అప్పలనర్సయ్య గారు రెండుసార్లు చదివారు. "చాలా చక్కటి తీర్పమ్మా. భాష బాగుంది." దాన్ని ఫైల్లో పెట్టి ట్యాగు కట్టారు.

"మరి టీసీ?"

"కోర్టు పని తీర్పు చెప్పడం. అమలు చెయ్యడం ప్రెసిడెంటు పని. అధికారాల విభజన అంటే అదే కదేటి!"

ఆ రాజ్యాంగం రాసినవాళ్ల మీద అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. వాళ్లు ఎవర్నీ నమ్మలేదు. రాజునీ నమ్మలేదు, ప్రజల్నీ నమ్మలేదు, ఒకళ్ల కాలికి ఇంకొకళ్ల కాలు కట్టేసి నడవమన్నారు. రాజుగారి పీడ వదిలినవాళ్లకి అది మంచి ఉపాయమే. కానీ నడిచేవాళ్లకి ఎక్కడికైనా వెళ్లాలని ఉండాలి. మా ఆఫీసులో ఎవరికీ ఎక్కడికీ వెళ్లే పని లేదు.

మిగిలింది ఒక్కటే దారి, అభిశంసన. అంటే నా మీద నేరం మోపి, సెనేటు మూడింట రెండొంతుల ఓట్లతో నన్ను పీకెయ్యడం. ఆ మాట వినగానే ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచారు. "అద్భుతం! అదనపు కార్యక్రమాలకి వేరే గడి ఉంది, ఫొటోలు అప్‌లోడ్ చెయ్యొచ్చు! నువ్వేం నేరం చేశావమ్మాయ్?"

ఇక్కడే ఇంకో చిక్కొచ్చింది. టీసీలో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. అందులో 'సంతృప్తికరం' అని లేకపోతే టీచరు చదువుకి ఎవరూ చేర్చుకోరు. అప్పలనర్సయ్య గారు వేలు చూపించి మరీ చెప్పారు. "నేరం చిన్నదైతే అభిశంసన చెల్లదు. పెద్దదైతే ప్రవర్తన పాడైపోద్ది. మధ్యరకం నేరం చూసుకోమ్మా."

గురువారం అంతా మధ్యరకం నేరం కోసం వెతికాం. వార్డెన్ ఆవకాయ జాడీ ఎత్తుకుపొమ్మని పోలమ్మ సలహా ఇచ్చింది. మార్తమ్మ మేడం తన జాడీ ఇవ్వడానికి ఒప్పుకుంది కూడా, పాపం. కానీ దొంగతనం ప్రవర్తన నియమాల్లో ఉంది. గోడ దూకడం ఉంది. సెల్‌ఫోన్ ఉంది. గేటు దగ్గర నిలబడి నవ్వడం కూడా ఉంది. ఆ నియమాలన్నీ పై నుంచి కిందిదాకా చదివి నేను కేక పెట్టాను. ఎవరి కేసు వాళ్లే విచారించుకుని, వాళ్లకి వాళ్లే అనుకూలంగా తీర్పు ఇచ్చుకోవడం మా కాలేజీ నియమాల్లో ఎక్కడా తప్పుగా లేదు! జామకాయ కోస్తే నేరం. న్యాయాన్ని జేబులో వేసుకుంటే ప్రవర్తన సంతృప్తికరం. అప్పలనర్సయ్య గారు కూడా చదివి, "కరెక్టే. దీనికి క్లాజు లేదు," అన్నారు.

శుక్రవారం పొద్దున్నే సెనేటు కూర్చుంది. ఆరోపణ చదివారు. డార్మిటరీ వాళ్లు నన్ను పీకెయ్యడానికి చేతులు పైకెత్తే ఉంచారు. ఓటింగు మొదలయ్యేలోగా నిహారిక లేచింది.

"నో! మా జడ్జీని పంపించను. ఈమె పోతే నా కుర్చీ పీకేస్తారు. నేను మాట్లాడతాను."

అక్కడి పద్ధతి ప్రకారం సెనేటరు మాట్లాడుతున్నంతసేపు ఎవరూ ఆపకూడదు. నిహారిక కళ్లు మూసుకుని అమ్మవారి సహస్రనామాలు అందుకుంది.

ఇక ఆపేదెవరు? ప్రిన్సిపాల్ గారు చేతులు జోడించేశారు. అప్పలనర్సయ్య గారు చెప్పులు విడిచి లోపలికొచ్చారు. పోలమ్మ పొయ్యి మీద పులిహోరకి బియ్యం పెట్టేసింది. వేరే మతమైనా మర్యాదకి మార్తమ్మ మేడం కూడా లేచి నిలబడింది. నామాలు అయిపోయాయి. అమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదటి నుంచి అందుకుంది. మా నాన్న గుమ్మంలో నిలబడి ఒకసారి అమ్మవారికి దణ్ణం పెట్టడం, ఒకసారి విశాఖపట్నం బస్సు కోసం రోడ్డు వైపు చూడటం! 

మెల్లగా వెళ్లి నిహారిక చెవి దగ్గర వంగాను. "నిహారికా, ఒక్క మాట. నేను పోతే నా కుర్చీ ఖాళీ అవుతుంది కదా. నువ్వే ఎక్కితే? అప్పుడు నీ రెండు కుర్చీల కేసు ఎవరు వేసినా విచారించేది నువ్వే."

నామం నాలుక మీదే ఆగింది. ఒక కన్ను తెరిచింది. "రెండూ ఉంచుకోవచ్చా? సెనేటూ, కోర్టూ?"

"ఉంచుకోవచ్చో లేదో తేల్చాల్సింది కూడా నువ్వే."

రెండో కన్ను తెరిచింది. గబగబా మంగళహారతి పాడేసి, కూర్చుని, నన్ను తొలగించాలని రెండు చేతులూ ఎత్తింది. మూడింట రెండొంతులు నిండాయి, నా పదవి ఊడింది.

ఆమెకి రేపు టీసీ ఎలా వస్తుందని నేను దిగులు పడలేదు. కరస్పాండెంటు గారి తమ్ముడి కూతురి టీసీకి ఏ దేశపు రాజ్యాంగమూ అడ్డం రాదు. అప్పలనర్సయ్య గారు తన ముత్యాల్లాంటి అక్షరాలతో నా టీసీ రాశారు. ప్రవర్తన: సంతృప్తికరం. కళాశాల విడిచిపెట్టుటకు కారణం: అభిశంసన. ఆ మాట తీసెయ్యండి బాబూ అని బతిమాలితే, "ఉన్న కారణం రాయకపోతే ఆడిట్లో అడుగుతారమ్మా," అన్నారు. బేరమాడటానికి టైము లేదు. పులిహోర పొట్లంతో సహా నాన్నా నేనూ బస్సెక్కాం. దారి పొడుగునా డ్రైవరుకి వెనక నుంచి నాన్న గేర్లు చెబుతూనే ఉన్నాడు.

బి.ఎడ్. కాలేజీ కౌంటరు మూస్తుండగా చేరాం. లోపలి గుమాస్తా విసుక్కుంటూ టీసీ లాక్కున్నాడు. పేరు చూశాడు, మార్కులు చూశాడు, కారణం దగ్గర వేలు ఆగింది. 

"అభిశంసన అంటే ఏటమ్మా?"

నేను నోరు తెరిచాను. రెండు కుర్చీలు, కత్తిపీటలు, పలాస వెళ్లిపోయిన ప్రెసిడెంటు, ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. పక్కనుంచి మా నాన్న అందుకున్నాడు.

"అమెరికాదండీ. పెద్ద కోర్సు."

గుమాస్తా నన్ను కింది నుంచి పైకి మర్యాదగా చూశాడు. స్టాంపు వేశాడు.

"ముందే సెప్పొద్దేటి? ఆ సర్టిఫికెట్టు కూడా జెరాక్సు తీసి పెట్టండి."